వినయశీలి అజరయ్య

ఉద్దేశం

విద్య, పదవి, కీర్తి మనిషిని ఉన్నతుణ్ణి చేస్తాయి. అవే అతనిలో అహంకారానికి బీజాలు కూడా కాగలవు. ఉన్నత స్థానంలో నిలిచినప్పటికీ వినయాన్ని, విధేయతను విడువని ఒక మహనీయుని జీవితాన్ని పరిచయం చేయడం, అహంకారాన్ని జయించే మార్గాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం అనే ఆరింటిని మన పెద్దలు అంతశ్శత్రువులన్నారు. వీటిలో మదం మిక్కిలి ప్రమాదకరమైనది. తక్కిన దోషాలు తనలో ఉన్నట్లు మనిషి ఎప్పుడో ఒకప్పుడు గుర్తిస్తాడు. మదాన్ని మాత్రం ఆత్మగౌరవమనే భ్రమతో పెంచి పోషిస్తాడు. నూరు యాగాల ఫలంగా ఇంద్రపదవిని పొందిన నహుషుడు మహర్షుల చేత పల్లకి మోయించుకొని, అగస్త్యుని కాలితో తన్ని, సర్పమై నేలకు కూలిన కథ భారతంలో ఉంది. నహుషుణ్ణి పడగొట్టింది అతని శత్రువులు కారు. అతడు అధిరోహించిన పీఠమే అతనికి పరీక్ష అయింది.

క్రైస్తవ ధర్మం కూడా గర్వాన్ని పాపాలలో మొదటిదిగా భావిస్తుంది. గురువైన క్రీస్తు నడుముకు తువ్వాలు కట్టుకొని శిష్యుల పాదాలు కడిగిన సంఘటన ఆ మతంలో వినయానికి పరమోదాహరణం. ఆ ధర్మంలో వినయం కేవలం మృదుభాషణం కాదు. అది విధేయతలో వ్యక్తం కావాలి. దైవం ఏ పని చూపితే ఆ పనికి, ఏ చోటు చూపితే ఆ చోటుకు మారు మాటాడక వెళ్లగలగడమే విధేయత. ఈ రెండు గుణాలను తన జీవితంలో సమన్వయించి చూపినవాడు డోర్నకల్ తొలి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య తమిళుడు. ఆయన 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విలై అనే చిన్న గ్రామంలో జన్మించాడు. తండ్రి థామస్ వేదనాయగం ఆ గ్రామంలో ఆంగ్లికన్ సంఘ గురువు. తల్లి ఎలెన్. చాలాకాలం పుత్రసంతానం లేక ప్రార్థించి కన్న బిడ్డ కనుక, బైబిలులోని హన్నా తన కుమారునికి పెట్టుకొన్న శామ్యూల్ అనే పేరునే ఆ తల్లి తన బిడ్డకు పెట్టింది. అజరయ్య బాల్యంలోనే తండ్రి మరణించాడు. తల్లి భక్తిశ్రద్ధలతో, కఠినమైన క్రమశిక్షణతో ఆయనను పెంచింది.

ఆయన పుట్టిన నాడార్ కులం చరిత్రను ఇక్కడ కొంత తెలుసుకోవాలి. తాటిచెట్ల మీద ఆధారపడి జీవించిన ఆ కులంవారు పందొమ్మిదో శతాబ్దంలో అగ్రవర్ణాల నుండి ఎన్నో అవమానాలను సహించారు. చదువు, వర్తకం, క్రైస్తవ సంఘాల సహాయం వారికి కొంత ఔన్నత్యాన్ని చేకూర్చాయి. అయితే ఒక మెట్టు పైకి ఎక్కినవాడు తనను తొక్కిన పాదాన్ని గుర్తుంచుకొన్నంతగా తన పాదం క్రింద ఉన్నవారిని గుర్తుంచుకోడు. ఇది ఆ ఒక్క కులానికే పరిమితమైన లోపం కాదు, మానవ స్వభావం. అజరయ్య జీవితమంతా ఈ స్వభావంతో చేసిన పోరాటమే.

తిరునెల్వేలిలో చదువు ముగించుకొని ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరాడు. గణితం ఆయన అభిమాన విషయం. అయితే అనారోగ్యం వలన చివరి పరీక్ష వ్రాయలేకపోయాడు. పట్టం చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. సంస్థలో కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతటా పర్యటిస్తూ యువకులను సంఘటితపరచాడు. ఆ రోజులలోనే అమెరికా దేశీయుడైన షేర్‌వుడ్ ఎడ్డీ ఆయనకు ప్రాణమిత్రుడయ్యాడు. ఒక తెల్లవాడు, ఒక భారతీయుడు సమానులుగా, స్నేహితులుగా కలిసి పనిచేయవచ్చునని ఆ మైత్రి ఆయనకు అనుభవపూర్వకంగా తెలియజేసింది. 1898లో ఆయన అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడాడు. దక్షిణ భారతదేశంలో కళాశాల విద్యనభ్యసించిన తొలితరం క్రైస్తవ మహిళలలో ఆమె ఒకరు.

1902లో అజరయ్య సింహళంలోని జాఫ్నాకు వెళ్లాడు. అక్కడి తమిళ క్రైస్తవులు విదేశీయుల ధనం కోసం ఎదురుచూడక, తమ మనుష్యులను తామే పంపి సేవ చేయిస్తున్నారు. సంఖ్యలోను, సంపదలోను వారికంటే మిన్నగా ఉన్న తిరునెల్వేలి క్రైస్తవులు అటువంటి ప్రయత్నమే చేయలేదు. ఆ పోలిక ఆయనను సిగ్గుపడేటట్లు చేసింది. మరుసటి సంవత్సరం, 1903 ఫిబ్రవరిలో, మిత్రులతో కలిసి తిరునెల్వేలిలో భారతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించాడు. ఆ సంఘానికి కావలసిన ధనం, మనుష్యులు, నిర్వహణ అన్నీ భారతీయులవే. నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని ఆ సంఘం తన తొలి సేవాక్షేత్రంగా ఎన్నుకొన్నది. 1905 డిసెంబరు 25వ తేదీన సేరాంపూరులో జాతీయ మిషనరీ సంఘం ఏర్పడినప్పుడు కూడా దాని స్థాపకులలో అజరయ్య ప్రముఖుడు.

ముప్పై ఏండ్లు దాటేనాటికే ఆయనకు దేశవ్యాప్తమైన కీర్తి లభించింది. వేదికలెక్కి, కుగ్రామాలకు వెళ్లి సేవ చేయండని యువకులకు ఉద్బోధించడం ఆయన నిత్యకృత్యమైంది. ఆ ఉద్బోధ విని కొందరు యువకులు వెళ్లారు కూడా. అప్పుడు ఆయన అంతరంగంలో ఒక ప్రశ్న తలెత్తింది. ఇతరులను వెళ్లమని చెప్పే తాను మాత్రం ఎందుకు వెళ్లకూడదు? వేదికను విడిచి ఎవరూ చూడని పల్లెకు వెళ్లడమంటే అంతవరకు గడించిన పేరును పాతిపెట్టడమే. చాలాకాలం ప్రార్థించిన పిమ్మట ఆయన ఆ పిలుపుకు లోబడ్డాడు. 1909లో తన పదవిని విడిచి, గురుత్వాభిషేకం పొంది, తాను స్థాపించిన సంఘానికి తానే సేవకుడై డోర్నకల్ చేరాడు.

డోన్, గుంతకల్లు వలె డోర్నకల్ కూడా ఒక రైలు కూడలి. సింగరేణి బొగ్గు గనులకు వెళ్లే మార్గం అక్కడ చీలుతుంది. స్టేషనుకు ఆవల నాడు కనిపించినదంతా చిట్టడవి, మెట్టపొలాలు, పూరిగుడిసెలు. అజరయ్య తొలుత అక్కడ గుడారంలో నివసించాడు. ఎండ, చలిజ్వరం, పురుగుపుట్ర ఆయనకు నిత్యపరిచితాలయ్యాయి. అంతకంటె కష్టమైన పరీక్ష మరొకటి ఉంది. మహాసభలను తమిళంలోను, ఆంగ్లంలోను ఉర్రూతలూగించిన వక్త ఇక్కడ నోరు విప్పలేకపోయాడు. ముప్పై ఐదేండ్ల వయస్సులో తెలుగు అక్షరాలు దిద్దవలసి వచ్చింది. అక్షరం రాని పల్లీయుల పలుకుబడిని విని, అనుసరించి, తప్పులు దిద్దుకొని నేర్చుకొన్నాడు. పండితునికి ఇంతకు మించిన వినయశిక్షణ మరొకటి ఉండదు. కాలక్రమంలో ఆయన తెలుగులో ధారాళంగా ప్రసంగించగలిగాడు.

డోర్నకల్ పరిసర గ్రామాలలో క్రైస్తవ మతాన్ని స్వీకరించినవారు అధికంగా మాల, మాదిగలు. వారు భూమిలేని పేదలు. వెట్టిచాకిరీలోను, అప్పులలోను మగ్గుతున్నవారు. ఊరి బావినీటిని తాకడానికి వీలులేనివారు. నాడార్ కులంలో పుట్టిన విద్యాధికునికి వారితో కలిసి కూర్చోవడం, వారు వండినది తినడం నాటి సమాజంలో తేలికైన విషయం కాదు. అజరయ్య దంపతులు వారి గుడిసెలలో కూర్చున్నారు, వారి గంజిలో పాలు పంచుకొన్నారు.

చిత్రమేమంటే అస్పృశ్యతకు గురియైన ఆ రెండు కులాల మధ్య కూడా ఎచ్చుతగ్గుల భావన ఉండేది. ఒకరి గూడెంలో మరొకరు భోజనం చేయరు. క్రైస్తవులైన తరువాత కూడా ఆ పట్టుదల పోలేదు. ఈ విషయంలో అజరయ్య రాజీపడలేదు. ప్రభుభోజన సంస్కారంలో అందరికీ ఒకే రొట్టె, ఒకే పాత్ర అనే నియమమే ఆయన చూపిన సమాధానం. పైవాని గర్వం తనను గాయపరచిందని దుఃఖించేవాడు తనకంటె క్రిందివాని పట్ల తనలో ఉన్న గర్వాన్ని మొదట త్యజించాలి. ఈ నియమం పల్లెవాసికి, బిషప్‌కు సమానమే.

1910లో స్కాట్లండు రాజధాని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మందికి పైగా ప్రతినిధులు పాల్గొన్న ఆ సభలో ఆసియా వాసులు వేళ్లమీద లెక్కించదగినంత మందే. అజరయ్య వారిలో ఒకడు. విదేశీ మిషనరీలకు, భారతీయ సేవకులకు మధ్య గల సంబంధాలను గురించి ఆయన ప్రసంగించాడు. మిషనరీల త్యాగాన్ని మనసారా కొనియాడాడు. అయితే వారు భారతీయులను సహోదరులుగా గాక జీతగాండ్రుగా చూస్తున్నారని, తమ భోజనపు బల్ల వద్దకు వారిని పిలవడానికి కూడా సంకోచిస్తున్నారని నిర్భయంగా తెలిపాడు. త్యాగంతో బాటు స్నేహాన్ని కూడా ఇవ్వవలసిందిగా అర్థించాడు. సభలో గొప్ప సంచలనం కలిగింది. కొందరు నొచ్చుకొన్నారు. కొందరు ఆత్మపరిశీలన చేసుకొన్నారు. వినయం అంటే అన్యాయం ముందు మౌనం వహించడం కాదని ఆ ప్రసంగం నిరూపించింది. ఆయన తనకు గౌరవం కావాలని కోరలేదు. ఇరుపక్షాల మధ్య ఉన్న గోడ కూలాలని కోరాడు. గర్విష్ఠుని కోపానికి, వినయశీలి ధైర్యానికి గల భేదం ఇదే.

నాటి మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అజరయ్య యోగ్యతను గుర్తించి ఆయనను బిషప్‌గా నియమించాలని ప్రయత్నించాడు. ఆంగ్లికన్ సంఘంలో అంతవరకు ఏ భారతీయుడూ ఆ పదవిని పొందలేదు. పాలక జాతికి చెందిన గురువులు ఒక భారతీయుని ఆజ్ఞకు లోబడగలరా అని అనేకులు శంకించారు. భారతీయ క్రైస్తవులలో సైతం కొందరు సందేహించారు. ఈ వాదవివాదాల మధ్య అజరయ్య మౌనంగా తన గ్రామసేవలో నిమగ్నుడైనాడు. చివరకు 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ ప్రధాన దేవాలయంలో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. అప్పుడు ఆయన వయస్సు ముప్పై ఎనిమిదేండ్లు.

పీఠం లభించిన తరువాత ఆయన జీవన విధానంలో మార్పు రాలేదు. నహుషుడు పల్లకి ఎక్కాడు. అజరయ్య ఎడ్లబండి ఎక్కి, ఒక గ్రామం తరువాత మరొక గ్రామాన్ని దర్శించాడు. బండి నడవని చోట కాలినడకన వెళ్లాడు. చెట్టు నీడనో, గూడెం నడుమనో దీపం వెలుగులో ఆరాధన జరిపి, పిల్లల చదువులను, పెద్దల కలహాలను విచారించేవాడు. మురికి, రోగం, అప్పు, మద్యం అనే నాలుగింటిని పల్లెను పీడించే పిశాచాలుగా భావించి వాటిపై పోరు సాగించాడు. పాఠశాలలు, వైద్యశాలలు, సహకార సంఘాలు నెలకొల్పాడు. గ్రామ ఉపాధ్యాయులను తీర్చిదిద్దడానికి డోర్నకల్‌లో శిక్షణాలయాన్ని ఏర్పాటు చేశాడు. ఉపాధ్యాయుల భార్యలకు కూడా చదువు చెప్పించడంలో అన్బు అమ్మగారి కృషి విశేషమైనది. పల్లె స్త్రీలు పూటపూటకూ వండుకొనే బియ్యంలో నుండి పిడికెడు తీసి సంఘానికి సమర్పించే ఆచారాన్ని ఆయన ప్రోత్సహించాడు. పుచ్చుకొనేవాడుగా మాత్రమే బ్రతికిన పేదవాడు ఇచ్చేవాడుగా తలెత్తుకొని నిలవాలని ఆయన ఆశయం. తాను తగ్గడం ఎంత ముఖ్యమో, అణగినవానిని నిలబెట్టడం అంత ముఖ్యమని ఆయన గ్రహించాడు. అణచబడినవానికి వినయం బోధించే ముందు ఆత్మగౌరవం కలిగించాలి గదా!

డోర్నకల్ అధ్యక్ష మండలం క్రమంగా విస్తరించింది. కృష్ణా మండలంలో ఆంగ్ల మిషనరీలు స్థాపించిన సంఘాలు, కర్నూలు, కడప సీమలలో నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు మొదలైన కేంద్రాలుగా వెలసిన సంఘాలు దానిలో చేరాయి. 1876-78 నాటి ఘోర క్షామాన్ని చవిచూసిన ఆ మెట్టసీమలోని పేదలు కూడా ఆయన బాధ్యతలో భాగమయ్యారు. ఒక భారతీయునికి లోబడరని అందరూ శంకించిన ఆంగ్లేయ గురువులు ఆయన పాలనలో పనిచేశారు. ఆయన వారిపై ప్రతీకారబుద్ధి చూపలేదు. ఎడింబరోలో తాను కోరిన స్నేహాన్నే, అధికారం తన చేతికి వచ్చినప్పుడు వారికి అందించాడు.

క్రమశిక్షణ విషయంలో మాత్రం ఆయన కఠినుడే. తప్పు చేసినవాడు తెల్లవాడైనా, నల్లవాడైనా, స్వజనుడైనా ఉపేక్షించేవాడు కాదు. ఆ కాఠిన్యం కొందరికి బాధ కలిగించిన మాట నిజమే. అయితే ఇతరులకు విధించిన నియమాన్ని మొదట తాను పాటించడం వలన ఆ అధికారం అహంకారంగా మారలేదు.

1912లో ఆయన బాధ్యతలు స్వీకరించినప్పుడు కొద్ది వేల సంఖ్యలో ఉన్న క్రైస్తవులు 1940 తరువాత రెండు లక్షలు దాటారు. దళితుల జీవితంలో వచ్చిన పరిశుభ్రతను, నీతిని, విద్యను చూసి ఇతర కులాలవారు కూడా కొందరు ఆ మార్గాన్ని అనుసరించారు. మతం మార్పు విషయమై 1930లలో గాంధీజీకి, ఆయనకు తీవ్రమైన అభిప్రాయభేదం ఏర్పడింది. అస్పృశ్యత నశించాలనే విషయంలో మాత్రం ఇద్దరి ధ్యేయం ఒక్కటే. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1920లో ఆయనకు గౌరవ డాక్టరేటును ప్రదానం చేసింది. యౌవనంలో చేజారిన పట్టానికి బదులుగా అంతకంటె ఉన్నతమైన పట్టం వెతుక్కొంటూ వచ్చింది. ఆయన మాత్రం దానిని పుచ్చుకొని తిరిగి తన ఎడ్లబండి వద్దకే వచ్చాడు.

డోర్నకల్‌లో ఆయన నిర్మించిన ప్రధాన దేవాలయం ఆయన మనస్తత్వానికి ప్రతిబింబం. పాశ్చాత్య నమూనాను అనుకరించక, హిందూ దేవాలయాల స్తంభాలను, మహమ్మదీయ కట్టడాల గుమ్మటాలను, క్రైస్తవ చిహ్నాలను మేళవించి దానిని రూపొందించాడు. ధనాభావం వలన నిర్మాణం దాదాపు పాతికేండ్లు సాగి, 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగింది. తెలుగు కీర్తనలకు, జానపద ప్రదర్శనలకు, పంటల పండుగలకు ఆయన ఆరాధనలో స్థానం కల్పించాడు. తాను నేర్పడానికి వచ్చిన ప్రజల నుండి తాను నేర్చుకోవలసింది కూడా ఉన్నదని అంగీకరించడం వినయానికి మరొక రూపం.

ఆయన జీవితంలోని చివరి ఆశయం సంఘ ఐక్యత. పాశ్చాత్య దేశాలలోని పూర్వకలహాల వలన ఏర్పడిన శాఖాభేదాలను భారతీయులు మోయవలసిన పని లేదని ఆయన నమ్మకం. 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశం మొదలుకొని జీవితాంతం ఆ ప్రయత్నం విడువలేదు. తన శాఖయే శ్రేష్ఠమన్న భావన కూడా గర్వమేనని ఆయన గ్రహించాడు. వ్యక్తి గర్వం కంటె సమూహ గర్వం మరింత లోతైనది. ఎందుకంటే దానిని మనిషి భక్తిగా పొరబడతాడు.

ఐక్యత ఫలించే రోజును చూసే భాగ్యం ఆయనకు కలుగలేదు. స్వల్పకాలం జ్వరంతో బాధపడి 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్‌లో కన్నుమూశాడు. తాను కట్టించిన దేవాలయ ప్రాంగణంలోనే ఆయన సమాధి ఉంది. ఆయన మరణించిన రెండేండ్లకు, 1947 సెప్టెంబరు 27వ తేదీన, దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అయితే ఆయన పాలించిన ప్రాంతాలలో ఒకటైన నంద్యాలలోని ఆంగ్లికన్ సమాజం అప్పుడు ఆ ఐక్యతలో పూర్తిగా కలవలేదు. ఆ ఎడబాటు 1975లో తొలగింది. ఒక మహనీయుని ఆశయం ఆయన జీవితకాలంలోనే సఫలం కావాలన్న నియమం లేదు. విత్తినవాడు వేరు, కోసేవాడు వేరు కావచ్చు. అది కూడా వినయశీలి అంగీకరించవలసిన సత్యమే.

అజరయ్య మూడు విధాలైన అహంకారాలను ఎదుర్కొన్నాడు. పాలక జాతి అహంకారాన్ని ధైర్యంగా ప్రశ్నించాడు. కులాహంకారాన్ని పేదవాని గుడిసెలో కూర్చొని జయించాడు. వేదిక వల్ల, పదవి వల్ల కలిగే అహంకారాన్ని విధేయతతో అణచాడు. మొదటిది ఎదుటివారిలో ఉన్నది. తక్కిన రెండు తనలో ఉండదగినవి. ఎదుటివాని అహంకారాన్ని గుర్తించడానికి కన్ను చాలు. తన అహంకారాన్ని గుర్తించడానికి మాత్రం సాధన కావాలి. ఆ సాధనకు డోర్నకల్ నేల మీద వేసిన ఒక గుడారం తొలి పాఠశాల అయింది.

ప్రశ్నలు

వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. వేదికను విడిచి డోర్నకల్ చేరడంలో అజరయ్య చూపిన విధేయతను వివరించండి.
2. బిషప్‌గా అజరయ్య చేసిన గ్రామసేవను వర్ణించండి.

సంక్షిప్త సమాధానాలు వ్రాయండి.
1. ఎడింబరో మహాసభలో అజరయ్య కోరినదేమిటి?
2. పిడికెడు బియ్యం ఆచారంలోని ఆశయం ఏమిటి?
3. సమూహ గర్వం వ్యక్తి గర్వం కంటె లోతైనదని రచయిత ఎందుకు భావించారు?